అడుగు లేని బుట్ట

దగ్గు ఎంతకీ తగ్గడం లేదని మొన్న విజయవాడలో ఆసుపత్రికి వెళితే ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోమన్నారు. చల్లటి గదిలో ఒక పలకకు గడ్డం ఆనించి నిలబెట్టి, ఎక్స్‌రే తీసే అమ్మాయి అద్దం వెనక్కి వెళ్ళి, "గాలి పీల్చి బిగపట్టండి మామ్మగారూ, నేను చెప్పేదాకా వదలొద్దు" అంది. పీల్చాను, బిగపట్టాను. అంతవరకు బాగానే ఉంది. ఏం చిత్రమో, ఊపిరి బిగపట్టగానే నా పెదవులు వాటంతటవే "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని గొణగడం మొదలుపెట్టాయి. ఆ వెంటనే నవ్వు వచ్చింది. బొమ్మ చెదిరిపోయిందని ఆ అమ్మాయి, పాపం విసుక్కోకుండానే, రెండోసారి తీసింది. ఈ వయసులో ఎక్స్‌రే గదిలో చెడుగుడు ఏమిటని మీరు అడగవచ్చు. నిజానికి నేను జన్మలో చెడుగుడు ఆడలేదు. ఆ కూత నాకు బాస్కెట్‌బాల్ వల్ల అంటుకుంది. అదెలాగో చెప్పాలంటే డెబ్భైల నాటి తిరువూరు దాకా వెళ్ళాలి.

పెళ్ళిచూపులప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని మా నాన్న అడిగితే, సంబంధం తెచ్చిన పెద్దమనిషి "కాలేజీలో డైరెక్టరండీ" అన్నాడు. మా బందరు వైపు చుట్టాలందరూ ఆ మాటకు తలలూపారు. కాపురానికి వచ్చాక తెలిసింది, దానికి ముందు 'ఫిజికల్' అన్న ముక్క ఒకటి, వెనక 'టెంపరరీ' అన్న ముక్క ఒకటి ఉన్నాయని. మా అద్దె వాటా కాలేజీ గోడ పక్కనే. వంటింటి కిటికీ తెరిస్తే ఎర్ర గ్రావెల్ పోసి చదును చేసిన నేల, దానికి అటూ ఇటూ రెండు స్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక చెక్క పలక, పలకకు ఒక ఇనుప చుట్టు కనిపించేవి. సాపుగా ఉన్న నేల కంటబడితే మా ప్రాంతపు రైతు ఊరుకోడు గదా. మిరపకాయల కాలంలో తెల్లవారేసరికి ఎవరో ఒకరు అక్కడ కాయలు ఆరబోసి పోయేవారు. సాయంత్రం కాయలు ఎత్తేసినా ఘాటు పోదు. బంతి నేలను తాకినప్పుడల్లా సన్నటి ఎర్రదుమ్ము లేచేది, ఆటగాళ్ళు తుమ్ముకుంటూ పరిగెత్తేవారు, కిటికీ దగ్గర నేనూ తుమ్మేదాన్ని.

చిన్నప్పటినుంచీ నాకు ప్రశ్నలు వేసే జబ్బు ఉంది. మా అమ్మ అత్తవారింట్లో నోరు కట్టేసుకోమని చెప్పి పంపింది గాని, మా అత్తగారు ఉండేది వేరే ఊళ్ళో, ఇక ఎవరికోసం కట్టేసుకోవాలి. ఆ చుట్టు ఏమిటి, దాని కింద వల ఎందుకు, వలకు అడుగు ఎందుకు లేదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తకుండా నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళడం దేనికి అని కాఫీకి కాఫీకి మధ్య అడిగేదాన్ని. మావారు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేవారు. ఒక్క ప్రశ్నకు మాత్రం తిన్నగా చెప్పలేదు. ఊళ్ళో మోజంతా వాలీబాల్ మీదా బాల్ బ్యాడ్మింటన్ మీదా ఉంటే, ఎవరికీ పట్టని ఈ ఆటే ఎందుకండీ అంటే, "స్తంభాలు ఉన్నాయిగా" అన్నారు. వెనకటి ప్రిన్సిపాల్ ఎవరో సరదాపడి పాతించి బదిలీ అయి వెళ్ళిపోయారట. మావారు ఉద్యోగంలో చేరేనాటికి వాటికి తాడు కట్టి అటెండరు బట్టలు ఆరేసుకుంటున్నాడట.

కాలేజీకి ఒక జట్టు ఉండేది. ఉండేదని అనుకోవడం మర్యాద. అందులో ఒకడు కళ్ళజోడు పగులుతుందని బంతి వస్తే తప్పుకునేవాడు, ఇంకొకడు హాజరు తక్కువైతే సార్ మాట సాయం చేస్తారని చేరినవాడు. ఏటా జరిగే కాలేజీల పోటీల్లో తమకు తిరువూరు తగిలిందంటే అవతలి జట్టువాళ్ళు ముందురోజే సినిమాకు పోయేవారని చెప్పుకునేవారు. ఓడిపోయి వచ్చిన రోజు మావారు గాలి పోయిన బంతిని ఒళ్ళో పెట్టుకుని, కుట్లకు నూనె రాస్తూ కూర్చునేవారు. నాకు జాలి వేసేది, అంతకంటే ఎక్కువగా వింతగా ఉండేది. ఓడిపోవడం అలవాటైన మనిషి ముఖంలో ఆ ఎదురుచూపు ఎక్కడినుంచి వస్తుందో అర్థమయ్యేది కాదు.

నేను కాపురానికి వెళ్ళిన మొదటి ఎండాకాలం, పదో తరగతి ఫలితాలు రాగానే, ఆయన సైకిలు తీసి ఊళ్ళ మీద పడ్డారు. పొడుగ్గా ఉండి, పరిగెత్తగలిగి, పరీక్ష పాసైన కుర్రాళ్ళను మా కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేర్పించాలని. ఉదయం వెళ్ళి, ఎండలో మాడిపోయి, సాయంత్రానికి సంచీతో తిరిగి వచ్చేవారు. సంచీలో మామిడికాయలు. ఏ ఇంటికి వెళ్ళినా పిల్లవాడిని పంపుతామనేవారు కాదు గాని, మాస్టారు వట్టి చేతులతో ఎలా వెళతారని కాయలు పెట్టి పంపేవారు. ఆ ఏడు జట్టు సంగతి ఎలా ఉన్నా మా ఇంట్లో ఆవకాయకు లోటు లేకుండా పోయింది.

చివరికి ఇద్దరు దొరికారు. ఒకడు ఎ.కొండూరులో మిషన్ బడి మాస్టారి అబ్బాయి. నెమ్మదస్తుడు, చర్చిలో పాటలు పాడే గొంతు, చెయ్యి చాపితే మా గుమ్మం పైకమ్మి అందేది. వాళ్ళ నాన్న చదువంటే చాలు, పంపించేశాడు. రెండోవాడు పెనుగొలను రైతు కొడుకు, చుట్టుపక్కల ఊళ్ళలో పేరు మోసిన చెడుగుడు ఆటగాడు. వాడి తండ్రిని ఒప్పించడానికి మావారు ఎన్నిసార్లు వెళ్ళారో నాకు లెక్క లేదు. ఆయన పొలం గట్టున కూర్చోబెట్టి అంతా విని, ఆ ఆటేదో బొమ్మ గీసి చూపమన్నాడట. మావారు పుల్లతో మట్టిలో గీశారు.

"అయితే బుట్టలో బంతి వేస్తారు."

"అవునండీ."

"బుట్టకి అడుగు లేదంటన్నారు."

"లేదండీ. బంతి కింద పడాలిగా."

"అడుగు లేని బుట్ట ఎంతసేపు వేస్తే నిండుద్ది మాస్టారూ?"

"నిండదు కాబట్టే మీవాణ్ణి రెండేళ్ళు అడుగుతున్నానండీ" అన్నారట మావారు. ఆ జవాబుకు ఆయన చాలాసేపు నవ్వి, కొడుకును పంపడానికి ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చి ఈ ముచ్చట చెబుతుంటే మావారి ముఖం చూడాలి. ఆ రోజు సంచీలో మామిడికాయలు లేవని నేను కూడా ఆలస్యంగా గమనించాను.

పెనుగొలను అబ్బాయి వచ్చాడు గాని తనతో పాటు చెడుగుడునీ తీసుకొచ్చాడు. బంతి చేతికి రాగానే ఊపిరి బిగపట్టి, "చెడుగుడు చెడుగుడు" అని కూత పెడుతూ, దాన్ని నేలకేసి కొట్టుకుంటూ అవతలి సగంలోకి దూసుకుపోయేవాడు. ఆ వేగానికి ఎవరూ ఆగలేకపోయేవారు. చిక్కల్లా ఆ తరవాతే. ఊపిరి అయిపోయే వేళకు, చుట్టు ఎదురుగా కనిపిస్తున్నా సరే, గిరుక్కున తిరిగి బంతితో సహా మన సగంలోకి పరిగెత్తుకొచ్చేసేవాడు. నడిమి గీత దాటాక బంతితో వెనక్కి రాకూడదని ఆ ఆట నియమం. రిఫరీ ఈల వేసి బంతి అవతలివాళ్ళకి ఇచ్చేసేవాడు. వీడు మాత్రం ప్రాణాలతో ఇల్లు చేరినవాడిలా రొమ్ము విరుచుకుని నిలబడేవాడు. మొదటి ఏడాది పోటీల్లో మావాళ్ళు ఓడడమే గాక, అందరినీ నవ్వించి మరీ ఓడారు.

రెండో ఏడు కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్ గారు మావారిని పిలిచారు. చెడ్డమనిషి కాదు, పై అధికారులకు జవాబు చెప్పుకోవాల్సినవాడు. "వీళ్ళు పరీక్షలైతే పాసవుతున్నారు గాని బంతి పాసవడం లేదయ్యా. ఈ ఏడు పోటీలు మన దగ్గరే. ఒక్క మ్యాచ్ గెలిపించు చాలు. లేకపోతే ఆ స్తంభాలు పీకించి సైకిళ్ళ షెడ్డు వేయిస్తాను. ఆటే లేనప్పుడు నీ పోస్టు కొనసాగించమని నేను ఏ ముఖంతో అడగను?" అన్నారు. అంటే మేము ఇంకో ఊరు వెతుక్కోవాలి. అప్పటికి నా కడుపున పెద్దవాడు పడ్డాడు. ఎక్కడ పుడతాడో తెలుసు, పుట్టింట్లో. ఎక్కడికి తీసుకొస్తామో తెలియదు. ఆ భయం నాకు ఉండేది. మావారిని మాత్రం అడగలేదు, నేను అడగకుండా మింగేసిన ప్రశ్న అదొక్కటే.

ఒక సాయంత్రం ఆట అయ్యాక పెనుగొలను అబ్బాయి మజ్జిగకు మా అరుగు మీదికి వచ్చాడు. ఎన్నాళ్ళనుంచో నాలుక చివర ఉన్న ప్రశ్న అడిగేశాను, ఎందుకయ్యా వెనక్కి వచ్చేస్తావు అని.

"కూత ఆగితే చచ్చినట్టే గదండీ అక్కయ్యగారూ. ఊపిరి అయిపోయాక అవతలి గడిలో ఎట్టా ఉంటాను."

"మరి సార్ పాస్ చెయ్యమని అరుస్తున్నారుగా. పక్కవాడికి ఇచ్చెయ్యొచ్చుగా?"

వాడు గ్లాసు కింద పెట్టి, నేనేదో అనకూడని మాట అన్నట్టు చూశాడు. "నా కూతకి నేను వెళ్ళి మధ్యలో ఇంకోడి చేతిలో పెడితే, పట్టుబడ్డట్టు ఉంటదండీ."

అన్నం వడ్డిస్తూ ఆ మాట మావారికి చెప్పాను. చెప్పి, "ఏవండీ, చెడుగుడులో ఒకడి కూత ఇంకొకడు అందుకోకూడదా?" అన్నాను. కూడదన్నారు. "మరి మీ ఆటలో?" అన్నాను. ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని నా వంక చూశారు. "మా ఆటంటేనే అది" అన్నారు. ఈ ఆటే ఎందుకని నేను అప్పట్లో అడిగిన ప్రశ్నకు అదే జవాబని నాకు అప్పుడు తోచింది.

మర్నాటినుంచి కోర్టులో 'పాస్' అన్న మాట వినిపించడం మానేసింది. "కూత అందించు" అనేవారు. అయిదుగురికీ కూత నేర్పారు. ఒకడి ఊపిరి అయిపోయే చోట మావారు మట్టిలో గీత గీసేవారు, అక్కడ రెండోవాడు ఉండాలి, బంతి అందుకోగానే కూత ఎత్తుకోవాలి. మిషన్ మాస్టారి అబ్బాయి కూత పెడుతుంటే కీర్తన పాడుతున్నట్టే ఉండేది. కళ్ళజోడు అబ్బాయి కూడా తప్పుకోవడం మాని చేతులు చాపడం మొదలుపెట్టాడు. విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు మెడలు చాపి, బంతితో ఆడే ఈ చెడుగుడు ఏమిటా అని చూసుకుంటూ వెళ్ళేవారు. ఒక్కరోజులో వచ్చింది కాదు. పెనుగొలను అబ్బాయి ఇంకా సగంసార్లు వెనక్కి తిరిగేవాడు. మావారు ఒక్కసారీ కసురుకోలేదు. కొత్తకాపురంలో నా చారు విషయంలోనూ అంతే ఓపిక పట్టారు కాబట్టి, ఇక్కడా ఫలితం ఉంటుందని నాకు నమ్మకం.

పోటీల వేళకు పుట్టింటివాళ్ళు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి కూర్చున్నారు. మ్యాచ్ చూస్తే గాని కదలనని మొండికేశాను. ఓడినవాళ్ళు ఇంటికి పోవాల్సిన పద్ధతి, కాబట్టి మాకున్నది ఆ ఒక్క మ్యాచే. విజయవాడ నుంచి వచ్చిన జట్టు, ఒకే రంగు బనీన్లు, తెల్లటి బూట్లు. పిల్లలు నాకు స్తంభం పక్కన కుర్చీ వేశారు. పెనుగొలను నుంచి ఆ తండ్రి కూడా భుజాన కండువాతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు, అడుగు లేని బుట్టను కళ్ళారా చూస్తానని. మావాళ్ళు కూత ఎత్తుకోగానే అవతలివాళ్ళు పకపకా నవ్వారు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని, దేనికి ఊదాలో తోచక తీసేశాడు. కాసేపటికి నవ్వులు తగ్గాయి. చివరికి వచ్చేసరికి మావాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, బంతి ఒక్కసారి చుట్టులో పడితే రెండు పాయింట్లు.

బంతి పెనుగొలను అబ్బాయి చేతిలో పడింది. గీత దాటాడు, ఇద్దరిని దాటాడు, చుట్టు కిందికి చేరాడు. కూత సన్నబడడం నాకు వినిపించింది. ఊపిరి అయిపోయింది. వాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. మావారు అరవలేదు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వీడి సంగతి పోయినేడు చూసినవాళ్ళే గనుక, అవతలివాళ్ళు ఇక ఇంటికి పరిగెడతాడని చేతులు దించేశారు. వాడు ఒక్క అడుగు వేసి, వెనకే వస్తున్న మాస్టారి అబ్బాయి చేతుల్లో బంతి పెట్టేశాడు. కీర్తన కూత లేచింది, బంతీ లేచింది. చుట్టు అంచు మీద ఒక్కసారి తిరిగి లోపలికి జారి, అడుగు లేని వలలోంచి ఎర్ర నేల మీద పడింది. ఆ వెంటనే ఆట అయిపోయినట్టు ఈల మోగింది.

అందరూ కోర్టులోకి పరిగెత్తారు. పెనుగొలను పెద్దాయన మాత్రం కదలకుండా ఆ వల వైపే చూస్తూ, "నిండిందమ్మాయ్" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. మావారి కోసం, స్తంభాల కోసం, కడుపులోవాడి కోసం, అన్నిటికీ కలిపి ఏడ్చాను.

తరవాతి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోయారు, ఎవరూ పట్టించుకోలేదు. సైకిళ్ళ షెడ్డు వెనక వైపు వేశారు. పోస్టు నిలిచింది, మేమూ నిలిచాం. ఆ ఇద్దరూ పరీక్షలు రాసి వెళ్ళిపోయారు, మళ్ళీ ఎండాకాలం వచ్చింది, మావారు మళ్ళీ సైకిలు తీశారు. ఇంటర్మీడియట్ రెండేళ్ళే కదా, నేర్చుకున్నవాడు నేర్చుకోగానే వెళ్ళిపోతాడు. ఆ బుట్ట సంగతి పెద్దాయన ముందే సరిగ్గా పట్టుకున్నాడని మావారు చాలాసార్లు అనేవారు.

ఎక్స్‌రే గదిలోంచి బయటికి వస్తే మావారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, అంతసేపేమిటని అడిగారు. జరిగింది చెప్పాను. నవ్వి, "ఎంతవరకు వెళ్ళావు?" అన్నారు. "నడిమి గీత దాటానేమో, అంతే" అన్నాను. "అయితే నాకు అందించాల్సింది" అంటూ నా చేతిలోని సంచీ తీసుకుని లేచారు. తిరువూరులో ఒక ఊపిరి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఈయన మట్టిలో గీత గీసి చూపించేవారు. ఆ గీతకూ ఈ బెంచీకీ నడుమనున్న యాభై ఏళ్ళు ఎవరి కూతలో దాటేశామో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు.