ఎర్ర కారు గర్జన

వెంకట్రామ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని ప్యారీస్ బజారు వైపు ఆ వీధికంతా తెలుసు. నీళ్ళు కలిపాడని పాలవాడి కళ్ళ ముందే గిన్నె బోర్లించినవాడు. తూకంలో పిసరు తగ్గిందని కూరగాయల బండి దగ్గర పంచాయతీ పెట్టినవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, వెంకట్రామ్ పట్టాడు.

తండ్రి అచ్యుతరామయ్యది తాతల నాటి మిరపకాయల మండీ. మనలి దారిలో కారం పట్టే మిల్లు కూడా ఉంది. ఏదో పని మీద ఒకనాడు అక్కడికి వెళ్ళిన వెంకట్రామ్‌కు, కూలీ ఒకడు రేకు డబ్బాలోంచి ఎర్రరంగు తీసి కారంలో కలుపుతూ కనిపించాడు. అంతే, అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. అందరి ముందే తండ్రిని కడిగేశాడు. చిన్నపిల్లలు తినే తిండి, నీకు చేతులెలా వచ్చాయని అడిగాడు. అచ్యుతరామయ్య గొంతు పెంచలేదు.

"ఎర్రగా లేకుంటే ఎవురూ ముట్టరురా. వాళ్ళు అడిగిందే నేను ఇస్తా ఉండాను."

ఆ మాటకు వెంకట్రామ్ ఒళ్ళు మండిపోయింది. రంగు ఆపేదాకా మండీ గడప తొక్కనన్నాడు, తండ్రి పక్కన కూర్చుని అన్నం తిననన్నాడు. అన్నట్టే హార్బర్ దగ్గర ఒక సరుకుల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. తల్లి సీతాలక్ష్మి ఇద్దరికీ వేర్వేరుగా వడ్డించలేక, ఇద్దరినీ తిట్టుకుంటూ వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది.

ఆ కోపంలోనే కారు కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌దే, కానీ ఎర్రటి స్పోర్ట్స్ కారు. పెళ్ళి కానివాడు, మండీ వద్దన్నవాడు, జీతమంతా దానికే పోశాడు. దాని రూపం కన్నా అరుపంటే అతనికి పిచ్చి. ఆక్సిలరేటర్ తొక్కితే లోపల కూర్చున్నవాడి గుండె అదిరేది. మా ఇంట్లో కల్తీ లేనిది ఇదొక్కటేనని ఆఫీసులో కనబడినవాడికల్లా చెప్పుకునేవాడు.

ఒక్కటే లోటు, పాటలు. కంపెనీ పెట్టిన స్పీకర్లలో పాట వింటుంటే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుండేది. పుదుపేటలో కార్లకు స్పీకర్లు బిగించే జెబకుమార్ దగ్గరికి పోయాడు. జెబకుమార్‌ది రాయపురం, తెలుగువాడే, నెమ్మదస్తుడు. తలుపుల అట్టలు విప్పి, పాత స్పీకర్లు తీసి, వాటిని నడిపే ఆంప్లిఫయర్ పెట్టె కూడా పీకి, సాయంత్రానికి అన్నీ కొత్తవి బిగించాడు. పాట పెడితే తబలా మీద వేలు వేలూ వినిపించింది. వెంకట్రామ్ పొంగిపోయి అతని చేయి పట్టుకుని ఊపాడు.

మౌంట్ రోడ్డెక్కి కాలు నొక్కాడు. కారు పరుగెత్తింది, అరుపు లేదు. పాట ఆపి మళ్ళీ నొక్కాడు. కుట్టుమిషన్ తొక్కినట్టు సన్నగా ఒక చప్పుడు, అంతే.

అక్కడికక్కడే బండి తిప్పాడు. షాపుకొచ్చేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నా ఇంజను చంపేశావని, చేతకాకపోతే ముందే చెప్పాల్సిందని, పోలీసుల దగ్గరికి పోతానని వీధి వినేలా అరిచాడు. జెబకుమార్ అంతా విని, కాసేపు ఆలోచించి, పాత పెట్టెకు తీగలు తగిలించి ఇంజను రైజ్ చేయమన్నాడు. కారు గర్జించింది. తీగ పీకాడు. మళ్ళీ కుట్టుమిషనే.

"ఆ సౌండు ఇంజన్‌ది కాదు సార్. కంపెనీవాళ్ళే స్పీకర్లో ఇస్తా ఉండారు. ఈ మాడల్లో అట్ట ఉండాదని నాకూ ఇప్పుడే తెలిసింది."

పైన పటారం, లోన లొటారం. వెంకట్రామ్ ఈసారి కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. దొంగలన్నాడు, బొంకును అమ్ముకుని బతికేవాళ్ళన్నాడు. ఇంజను బాగానే ఉంది కదా, ఇట్టాగే నడుపుకుంటారా, ఆ సౌండు మళ్ళీ తగిలించమంటారా అని జెబకుమార్ అడిగాడు. దొంగ అరుపు నాకెందుకయ్యా అని కసిరి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు అలాగే నడిపాడు. వేగం తగ్గలేదు, ఏమీ తగ్గలేదు. అయినా ఎక్కి కూర్చుంటే కారులో ప్రాణం లేనట్టుండేది. కంపెనీ మీద కోపం, నిజం చెప్పిన జెబకుమార్ మీద కోపం, పాటలకు ఆశపడిన తన మీద కోపం. చివరికి ఒక శనివారం పుదుపేట పోయి, జెబకుమార్ మొహంలోకి చూడకుండా, అది తగిలించెయ్యమన్నాడు. అతను పాత పెట్టెకు సీటు కింద వేరే స్పీకరు పెట్టి అరుపు తెప్పించాడు. ఎందుకని అడగలేదు. అడగకపోయినందుకు వెంకట్రామ్‌కు ఇంకా మండింది.

మర్నాడు ఆదివారం. అచ్యుతరామయ్య పిలవకుండానే వచ్చి కారెక్కాడు. మిల్లు దగ్గర దించమన్నాడు. వెంకట్రామ్ బండి తీశాడు. దారిలో ఆయనే చెప్పుకొచ్చాడు. కొడుకు పోరు పడలేక ఈ నెల రంగు లేకుండానే పట్టించాడట. టి. నగర్ హోటళ్ళవాళ్ళు ఇటుకపొడిలా ఉందని మూటలకు మూటలే తిప్పి పంపారట.

"నువ్వు ఒక్క మాట చెప్పరా. వద్దంటే, మండీ మూతపడినా సరే, ఇంక కలపను. మన ఇంట్లో నిజమనేది నీ దగ్గరే ఉండాది."

ఇన్నాళ్ళూ వెంకట్రామ్ కాచుకున్న మాట ఇదే. వద్దంటే చాలు. అనబోయాడు. ఆ ఊపులో కాలు ఆక్సిలరేటర్ మీద పడింది, సీటు కింద కారు గర్జించింది. అచ్యుతరామయ్య ముందుకు వంగి, డాష్‌బోర్డు మీద చేయి వేసి మురిపెంగా నిమిరాడు.

"ఏం ఇంజన్‌రా. సరుకంటే ఇట్ట ఉండాల."

తేలు కుట్టిన దొంగలా వెంకట్రామ్ నోరు మూతపడింది. తండ్రి మీద కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. వచ్చిన కోపమంతా తన మీదే, అది కక్కడానికి పక్కన ఎవరూ లేరు. అచ్యుతరామయ్య జవాబు కోసం చాలాసేపు చూశాడు. కొడుక్కి కూడా లోకం తెలిసిందనుకున్నాడేమో, నిట్టూర్చి జేబులోంచి ఫోను తీసి మిల్లుకు చేశాడు.

"ఆ రంగు డబ్బా దించి పెట్టండి. వస్తా ఉండాం."

ఆ మాట వినబడకుండా వెంకట్రామ్ కాలు ఇంకా గట్టిగా నొక్కాడు.