ఫుల్‌హెన్సియో ఆకలి

అన్సెల్మో ఇరిసారి ముప్పై ఏళ్ళు సముద్రంలో మునిగి చేపలు పట్టాడు. వాటిలో ఒక్కటీ ఎవరి కంచంలోకీ పోలేదు. పగడపు దిబ్బల సందుల్లో తిరిగే రంగు చేపల్ని సన్నటి వలతో, తోక చిరగకుండా పట్టి, నీళ్ళ సంచుల్లో కట్టి విమానం ఎక్కించేవాడు. అవి ఎక్కడో చలి దేశాల్లో, ఎవరింటి ముందుగదిలోనో, అద్దాల తొట్టిలో ఈదుతూ ఉండేవి. మా దీవిలోని పుయెర్తో రియల్ రేవులో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. అరవై రెండో ఏట మూత్రపిండాలు చెడిపోయాయి. అప్పటినుంచీ మయగ్వెస్‌లోని మా డయాలిసిస్ కేంద్రంలో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరింటికల్లా నా పక్క కుర్చీలో ఉండేవాడు.

నా పేరు ఎలియుద్. ఒకప్పుడు ఊళ్ళ మధ్య వ్యాను నడిపేవాణ్ణి, ఆ వ్యాను ఇంకా నా దగ్గరే ఉంది. ఆ కుర్చీల్లో చేతికి రెండు సూదులు గుచ్చుకుని నాలుగేసి గంటలు కదలకుండా కూర్చునేవాళ్ళం మొత్తం పన్నెండు మందిమి. కదిలితే మిషన్ అరుస్తుంది, నర్సు యారెలిస్ పరిగెత్తుకొస్తుంది. అందుకని మా లోకమంతా ఎదురుగా కనిపించే గోడే. దాని మీద ఒక టీవీ, ఒక క్యాలెండరు, రోజుకి ఎన్ని గ్లాసులకి మించి నీళ్ళు తాగకూడదో చెప్పే బొమ్మ.

ఆ గోడ దగ్గరికి కిందటేడు మార్చిలో ఒక అక్వేరియం వచ్చింది. మాతోపాటు ఆ కుర్చీల్లో కూర్చుని, తర్వాత చనిపోయిన ఒకాయన పిల్లలు తండ్రి జ్ఞాపకంగా ఇచ్చారు. నడుమెత్తు బల్ల మీద మంచమంత పొడుగు అద్దాల తొట్టి. ఇసుక, రాళ్ళు, ఉప్పునీళ్ళు పోసి వెళ్ళారు. చేపల సంగతి మాత్రం మీరే చూసుకోండన్నారు. కేంద్రం నడిపే మిసెస్ ట్రోచేకి చేపల గురించి ఏమీ తెలియదు. అన్సెల్మో దగ్గరికి కాగితం, పెన్ను పట్టుకొచ్చి, ఏమేం కొనాలో మీరే రాసివ్వండి అంది.

సూది లేని చేత్తో ఆయన ఆ కాగితం మూడు వారాలు రాశాడు. రాయడం, కొట్టెయ్యడం. ముందసలు ఏమీ వెయ్యకూడదు, నెలా పదిహేను రోజులు ఖాళీ నీళ్ళే తిరగాలి అన్నాడు. ఆ తర్వాత నాచు తినే నత్తలు, అడుగున పడ్డ ఎంగిలి ఏరుకు తినే సన్యాసి పీతలు. అవి బతికితే, ఎర్ర వీపు మీద తెల్లగీత ఉండే రొయ్యలు రెండు. చేపల ఒంటి మీద పురుగుల్ని ఏరేది ఆ రొయ్యలే. వాటి తర్వాత మా సముద్రంలోదే ఒక గ్రామా చేప, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. చిట్టచివర, నారింజరంగు మీద తెల్లచారల చేపల జంట. ఆ జంటని ఆఖర్న ఎందుకు వెయ్యాలని మిసెస్ ట్రోచే అడిగితే, ముందొచ్చినవాడు ఇల్లంతా తనదంటాడని చెప్పాడు.

తొట్టికి ప్రారంభోత్సవం పెట్టుకున్నాం, ఇంకాస్త రంగులుండాలి, నీలంగా మెరిసే చిన్నచేపలు చవగ్గా దొరుకుతున్నాయట కదా అని ఆవిడ బతిమాలింది. అప్పుడు అన్సెల్మో చెప్పిన మాట నాకింకా గుర్తుంది.

"ఇది అద్దాలిల్లు మిసెస్. సముద్రంలో అయితే పడనివాడు పక్కకి తప్పుకుంటాడు. ఇందులో తప్పుకోడానికి చోటేదీ?"

ఆవిడ సరేనంది. ఆయన రాసిన వరసలోనే అన్నీ వచ్చాయి. జులై నాటికి తొట్టి కళకళలాడింది. గ్రామా రాతి చూరు కింద తలకిందులుగా వేలాడేది. రొయ్యలు మీసాలు ఊపుతూ నిలబడితే చారల జంట వచ్చి నోరు తెరిచి పళ్ళు తోమించుకునేది. మేం టీవీ పెట్టమని అడగడం మానేశాం. ఎవరేం తింటున్నారు, ఎవరు ఎవర్ని తరుముతున్నారు, ఇవే మా కబుర్లు. అన్సెల్మో పెద్దగా మాట్లాడేవాడు కాదు. తొట్టి వంక చూస్తూ మధ్యమధ్యలో తల ఊపేవాడు, అంతే.

ఆగస్టులో ఒక బుధవారం మేం వచ్చేసరికి తొట్టిలో కొత్త చేప ఉంది. వేలెడంత పొడవు. నీలం మీద నారింజ, ఆకుపచ్చ ముగ్గులు. పట్టు అంగీ తొడుక్కున్నట్టు, కప్ప మొహం వేసుకుని, రాళ్ళ మీద ఆగి ఆగి గెంతుతోంది. మాండరిన్ అంటారట. మిసెస్ ట్రోచే చెల్లెలు శాన్ హువాన్‌లో చూసి ముచ్చటపడి, అక్క పుట్టినరోజుకి కొనిచ్చిందట. శాంతమైన చేప, ఎవరితోనూ పేచీ పడదు అని కొట్టువాడు చెప్పాడట.

మాలో అందరికన్నా పెద్దావిడ డోన్యా ప్రోవి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "అచ్చం మా ఆయన ఫుల్‌హెన్సియోనే. పెళ్ళిళ్ళకి ఇలాగే తయారయ్యేవాడు సచ్చినోడు" అంది. కుర్చీలన్నీ నవ్వాయి. ఆ చేప పేరు ఫుల్‌హెన్సియో అయిపోయింది.

అన్సెల్మో నవ్వలేదు. నేను అడిగితే, పేచీ పెట్టదన్న మాట నిజమే, కానీ తినదు అన్నాడు. రాళ్ళ మీద పాకే చుక్కల్లాంటి పురుగులు తప్ప ఇంకేదీ దాని నోటికి ఎక్కదట. పొద్దున్నించి సాయంత్రం దాకా అవే ఏరుకుతినాలి. ఏడాది దాటిన తొట్టిలో అయితే అవి పుట్టి పెరుగుతాయి. ఇది అయిదు నెలల తొట్టి. ఉన్నవి రెండు వారాలకి సరిపోతాయి. ఆయన ఆ సంగతి మిసెస్ ట్రోచేకి చెప్పి, కొట్టుకి తిరిగి పంపించమన్నాడు. అమ్మిన చేపని వాళ్ళు వెనక్కి తీసుకోరట.

యారెలిస్ పాపం ఆయన చెప్పినవన్నీ చేసింది. గడ్డకట్టిన రొయ్యపిల్లలు, చేపగుడ్లు, సన్నటి గొట్టంలో పట్టి దాని మూతి ముందు వదిలేది. ఫుల్‌హెన్సియో ఒకసారి చూసి పక్కకి తిరిగేది. చారల జంట వచ్చి మింగేసేది. అదేమో మళ్ళీ రాళ్ళ మీదికెళ్ళి పొడుచుకునేది. పొడిచిన ప్రతిసారీ డోన్యా ప్రోవి, చూశావా తింటోంది, నువ్వు ఊరికే భయపెడతావు అనేది. అన్సెల్మో నాకు మాత్రం మెల్లిగా అన్నాడు: "ఉత్త రాయిని పొడుస్తోందిరా."

మూడో వారానికి దాని పొట్ట లోపలికి పోయింది. నాలుగో వారానికి మా కళ్ళకీ తెలిసింది. తల మాత్రం అంతే ఉండి, వెనక ఒళ్ళు ఆకులా పల్చబడింది. డోన్యా ప్రోవి జోకులు మానేసింది. ఒక శుక్రవారం మిషన్లు తిరుగుతుండగా ఆవిడ గొంతు వినిపించింది.

"అన్సెల్మో, మనకంటే సూదులు గుచ్చి బతికిస్తున్నారు. దానికెవరున్నారయ్యా? ముప్పయ్యేళ్ళు వాటి మీదే తిన్నావు. చూస్తూ ఊరుకుంటావా?"

సూదులు తీశాక ఆయన, గుచ్చిన చోట బట్ట అదిమిపట్టుకుని కూర్చుని, ఆదివారం నీ వ్యాను ఖాళీయేనా అని నన్నడిగాడు.

ఆదివారం పుయెర్తో రియల్లో వాళ్ళ బంధువు చెక్క రేవు దగ్గరికి వెళ్ళాం. ఆ కింద మడచెట్ల వేళ్ళకి నాచు దట్టంగా పట్టి ఉంటుంది. ఆ నాచులో, విరిగిన పగడపు ముక్కల్లో, ఆ పురుగులు కోట్లకొద్దీ ఉంటాయన్నాడు. డయాలిసిస్ కోసం ఆయన ఎడమచేతి నరానికి ఆపరేషన్ చేశారు, ఆ చేత్తో బరువెత్తకూడదు. మోకాలి లోతు నీళ్ళలో దిగి నాచు పీకిందీ, బకెట్టు మోసిందీ నేనే. ఆయన గట్టు మీద కూర్చుని భూతద్దం పెట్టి ఒక్కో ముక్కా తిప్పితిప్పి చూశాడు. పీతలు కనబడితే తీసి నీళ్ళలో వేశాడు. చివరికి నాచు చుట్టుకున్న పిడికెడంత పగడపు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, బకెట్లో వెయ్యబోయి ఆగాడు.

"సముద్రంలోంచి తెచ్చింది ఏదైనా నెల్లాళ్ళు వేరే నీళ్ళలో ఉంచాలి ఎలియుద్. లోపల ఏం దాక్కుందో పైకి తెలీదు."

"నెల్లాళ్ళు అది బతుకుతుందా అన్నా?"

"బతకదు."

"మరింకేం ఆలోచిస్తావు? వేసెయ్."

ఆ మాట అన్నది నేను. ఇప్పటికీ అది గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను.

సోమవారం యారెలిస్ చేత నాచూ ఆ ముక్కా తొట్టిలో పెట్టించాం. పదిరోజుల్లో ఫుల్‌హెన్సియో పొట్ట మళ్ళీ గుండ్రమైంది. వెన్ను నిండింది, రంగు తేరింది. డోన్యా ప్రోవి వాళ్ళింట్లో చేసిన కొబ్బరి మిఠాయి అందరికీ పంచింది. మేం తినకూడదని యారెలిస్ కసిరినా తలో ముక్కా నోట్లో వేసుకున్నాం. అన్సెల్మో మనసారా నవ్వగా నేను చూసింది ఆ రోజే.

ఆ తర్వాతి బుధవారం, అందరం కునుకు తీస్తున్న వేళ, టక్ మని చప్పుడైంది. గోళీతో అద్దాన్ని కొట్టినట్టుంది. యారెలిస్ వచ్చి మిషన్లన్నీ చూసింది. ఏమీ లేదు. కాసేపటికి మళ్ళీ టక్. నేను పక్కకి తిరిగితే అన్సెల్మో మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందన్నా అంటే కళ్ళు మూసుకున్నాడు.

శుక్రవారానికి నత్త చిప్పలు రెండు ఇసుక మీద పడి ఉన్నాయి, పక్కన గుండ్రటి కన్నాలతో. ఎర్ర రొయ్యల్లో ఒకటి లేదు. అప్పుడు చెప్పాడు అన్సెల్మో. ఆ చప్పుడు చేసేదాన్ని మునకలవాళ్ళు వేలు చీల్చేది అంటారట. చిటికెన వేలంత రొయ్యజాతి జీవి. ముందు కాళ్ళని సుత్తుల్లా విసిరి చిప్పలు పగలగొట్టుకు తింటుంది. ఆ పగడపు ముక్క బొరియలో ఉండి ఉంటుంది. తన చేతుల్లోంచే వెళ్ళిందన్నాడు. నేను కూడా ఉన్నాను కదా అంటే, నీకు తెలీదు, నాకు తెలుసు అన్నాడు.

యారెలిస్ ఆ ముక్క తీసి చూసింది, బొరియ ఖాళీ. అది పెద్ద రాళ్ళలోకి మారిపోయింది. సీసాలో రొయ్య మాంసం పెట్టి ఉచ్చు పన్నితే ఒక సన్యాసి పీత దూరింది. రాళ్ళన్నీ పైకి తీస్తే తప్ప దొరకదు. రోగులున్నంతసేపూ ఆ హాల్లో ఉప్పునీళ్ళ బకెట్లు పెట్టనివ్వరు. ఆ పని చేసే మనిషి పై వారం ఆదివారానికి గానీ దొరకడు, అందాకా ఆగాలి. ఈలోగా సోమ, బుధ, శుక్రవారాలు మేం సూదులు గుచ్చుకుని ఎదురుగా కూర్చున్నాం. టక్ మన్నప్పుడల్లా అన్సెల్మో చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకునేది. ఆ చెయ్యి కదపకూడదు. బుధవారం రెండో రొయ్య పోయింది. శుక్రవారం గ్రామా చూరు కింద లేదు. ఏ సందులోనైనా ఉందేమోనని నాలుగు గంటలూ వెతికాడు, కూర్చున్న చోటు నుంచే.

ఆదివారం మిసెస్ ట్రోచే బయటినుంచి ఒకతన్ని పిలిపించింది. అన్సెల్మో స్టూలు వేసుకుని పక్కన కూర్చుని చెబుతూనే ఉన్నాడు. రాళ్ళు ఉప్పునీళ్ళలోనే ఉంచు నాయనా, మంచినీళ్ళు తగలనివ్వకు, రుద్దకు, ఇసుక కెలక్కు. అతను సరే పెద్దాయనా, సరే అంటూనే రాళ్ళన్నీ బయటికి మోసి, కుళాయి కింద పెట్టి బ్రష్షుతో తెల్లగా రుద్దేశాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేసరికే ఆఖరి రాయి మీద ఉన్నాడు. మూడో రాయిలోంచి ఆ ఆకుపచ్చ జంతువు బకెట్లో పడిందట. దాన్ని గాజుగ్లాసులో వేసి అందరికీ చూపించాడు. మిసెస్ ట్రోచే ఫోన్లో ఫొటో తీసుకుంది.

అన్సెల్మో ఆ గ్లాసు అడిగి తీసుకున్నాడు. దారిలో రేవు దగ్గర ఆపమని, వంగి నీళ్ళలో వదిలాడు. దాని తప్పేముంది అన్నాడు. వ్యాను ఎక్కాక, "పురుగులన్నీ చచ్చిపోయాయి" అన్నాడు. ఫుల్‌హెన్సియో తినేవి.

మళ్ళీ నాచు తేవడానికి మిసెస్ ట్రోచే ఒప్పుకోలేదు. ఆవిణ్ణి తప్పుపట్టలేం. అన్సెల్మో కూడా గట్టిగా అడగలేదు, ఆయనకి తన మీద తనకే నమ్మకం పోయింది. ఇంకో అయిదు వారాలు ఆ చేప శుభ్రమైన రాళ్ళ మీద పొడుచుకుంటూ తిరిగింది. రంగులు మాత్రం ఆఖరిదాకా అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చిన రోగులు చూసి, ఎంత అందంగా ఉందో అనేవారు. డోన్యా ప్రోవి అటువైపు మొహం పెట్టేది కాదు. అది ఒక గురువారం పోయింది, మేం లేని రోజు. ఏం చేశారని అన్సెల్మో అడిగితే, చెత్తబుట్టలో వేశామని యారెలిస్ తలొంచుకుని చెప్పింది. తల ఊపాడు.

ఆ సోమవారం ఆయన కుర్చీ మార్చమని అడిగాడు. తొట్టి కనబడని చోటు ఒక్కటే ఉంది, మందుల బీరువా పక్కన మూల. అక్కడికి వెళ్ళాడు. మిసెస్ ట్రోచే ఇంకో కాగితం పట్టుకొచ్చి ఈసారి ఏమేం వెయ్యమంటారని అడిగితే, నాకు తెలీదమ్మా, ఎవరినైనా తెలిసినవాళ్ళని అడగండి అన్నాడు. ఆవిడ పొన్సేలో ఎవరినో మాట్లాడుకుంది. ఇప్పుడు నెలనెలా ఎవరో వచ్చి ఏవో వేసి, ఏవో తీసుకెళ్తున్నారు.

డోన్యా ప్రోవి నవంబరులో పోయింది. నేను అన్సెల్మోకి ఎదురు కుర్చీ తీసుకున్నాను, అక్కడినుంచి తొట్టి దూరంగా కనబడుతుంది. ఒక్కోరోజు కళ్ళు మూసుకునే అడుగుతాడు.

"ఎలియుద్, ఏం చేస్తున్నాయిరా?"

"తిరుగుతున్నాయన్నా."

"తింటున్నాయా?"

తింటున్నాయనే చెబుతాను. ఏది తినడమో, ఏది ఉత్త రాయిని పొడవడమో నాకు ఇంత దూరం నుంచి తెలియదు.