ఎవరి తొమ్మిదిన్నర

ఈ నవంబరులో ఒక సోమవారం పొద్దున్నే బెంగళూరు ఆఫీసులో కూర్చుని ఉండగా, తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి నా కంప్యూటర్ తెర మీద పడింది. అక్షరాలన్నీ మాయమయ్యాయి. పక్క సీటాయన లేచి కర్టెన్ లాగబోతే ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆ లేత పసుపు వెలుతురు చూస్తే నాకు ధర్మవరంలో ఒక వరండా గుర్తొస్తుంది. వరండాలో చాప, చాప మీద పట్టుచీర, పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన రత్నమ్మక్క. ఆమె నా మొదటి యజమాని. నేను చూసిన యజమానుల్లో సూర్యుణ్ణి కూడా పనివాళ్లలో ఒకడిగా చూసింది ఆమె ఒక్కతే.

డిగ్రీ అయ్యాక పెనుకొండలో రైలెక్కి రోజూ ధర్మవరం పోయేవాణ్ణి. రత్నమ్మక్కది చీరల అంగడి. వెనక ఇంట్లో ఓబులేసన్న మగ్గం నేసేవాడు. ఆమె విదేశాల్లో ఉన్నవాళ్లకు వీడియోలో చీరలు చూపించడం మొదలుపెట్టింది. ఎప్పుడు చూడాలో కొనేవాళ్లే ఎంచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుని, దాన్ని నడపడానికి నన్ను పెట్టుకుంది. ఆమె నియమం ఒకటే: పట్టు రంగును ట్యూబులైటు కింద చూపించకూడదు. "ఆ లైటు కింద పెడితే నీ మొగం కూడా బాగనే కనపడతాది. అట్లని నిన్ను అమ్ముకుంటామా?" అనేది. అందుకని పొద్దున ఏడు మొదలుకొని ఎండ ముదిరేదాకానే చూపించేది. అప్పటికి న్యూజెర్సీలో రాత్రి భోజనాలు ముగిసి ఉంటాయి. రెండు దేశాలకూ కుదిరిన ముహూర్తం అదొక్కటే.

సెప్టెంబరులో ఆ సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంటే ఒక గడి కనిపించింది. అమెరికాలో వేసవికి ముందుకు, చలికాలానికి వెనక్కి గడియారం మార్చే పద్ధతిని లెక్కలోకి తీసుకోమని అక్కడ టిక్కు పెట్టి ఉంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని రత్నమ్మక్కను అడిగాను.

"గడియారం మార్చేదేందప్పా? పాడైందా?"

"లేదక్కా. ఆ దేశంలో వేసవి వస్తే అందరూ గంట ముందుకు తిప్పుకుంటారు. చలికాలం మళ్లీ వెనక్కి. వెలుతురు ఆదా చేసేదానికంట."

"ఆదా చేసింది యాడ దాచిపెడతారు?"

"ఊరంతా కూడబలుక్కుని అబద్ధం చెప్పుకుంటాండారు," అని తేల్చేసింది. "మన అంగట్లో అట్లాటివి పెట్టుకోము. తీసెయ్." అలా తీసేస్తే చలికాలంలో చిక్కొస్తుందని చెప్పి చూశాను. అప్పుడు చూసుకుందామంది. జీతమిచ్చే మనిషితో ఖగోళం గురించి ఎంతవరకు వాదించాలో డిగ్రీలో నేర్పలేదు. తీసేశాను.

నవంబరు వచ్చింది. ఓబులేసన్న మగ్గం మీంచి వంకాయ రంగు చీర ఒకటి దింపాడు, నెమలికంఠం అంచు. అలాంటిది ఆ ఏడాది ఆ ఒక్కటే. న్యూజెర్సీలో శ్రావణి అనే అమ్మాయి తన పెళ్లికని, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు చూస్తానని సమయం ఎంచుకుంది. మా సాఫ్ట్‌వేర్ దాన్ని సోమవారం పొద్దున ఏడని రాసుకుంది. "నువ్వు చూసేదాకా ఆ చీర ఎవురికీ ఇయ్యను తల్లీ," అని రత్నమ్మక్క ఫోనులో మాట ఇచ్చింది.

సోమవారం ఏడయింది. చాప పరిచాం, చీర పరిచాం, ఎదురుగా ఫోను నిలబెట్టాం, ఎండ కూడా వేళకే వచ్చింది. శ్రావణి రాలేదు.

"పాప నిద్దరపోయినట్టుండాదే అక్కా," అన్నాడు ఓబులేసన్న.

ఏడున్నరకు హిందూపురం నుంచి సరోజమ్మ దిగింది, కూతుర్ని వెంటబెట్టుకుని. వాళ్లింట్లో ఏ పెళ్లయినా చీరలన్నీ మా అంగట్లోనే. ఆమె చెప్పులు విడుస్తూనే చాప మీది చీరను చూసింది. కూతురూ చూసింది. ఇక వేరే చీరల గురించి ఎవరూ మాట్లాడలేదు.

"ఇది కట్టియ్యి రత్నమ్మా. దుడ్లు ఈడనే ఇచ్చేస్తా."

"అది ఒక పాపకు చూపిస్తానన్యా సరోజమ్మా. ఆయమ్మ వద్దంటే నీదే."

"యాడుండాది ఆ పాప? ఫోన్లో నా మొగమే కనపడతాంది గదా!"

"ఏడుకు రావల్ల. రాలేదు."

"రాకపోతే అయిపాయ గదా!"

రత్నమ్మక్క నా వైపు తిరిగింది. అప్పటికి నేను న్యూజెర్సీ టైము చూసుకున్నాను. "వాళ్ల గడియారాలు నిన్ననే వెనక్కి తిప్పినారక్కా. ఆయమ్మకు ఇప్పుడు తొమ్మిదే. మనకు ఎనిమిదైతే ఆడ తొమ్మిదిన్నర. మనం ఆ టిక్కు తీసేసినాం గదా."

"ఇదేం న్యాయమప్పా!" అంది సరోజమ్మ. "ధర్మవరంలో నిలబడుకొని ఆ దేశం గడియారం చూస్తారా? మేము ఈడ కండ్ల ముందర ఉండాము!"

ఓబులేసన్న తను నేసిన చీర ఎవరో చేయి చాచి అడుగుతుంటే గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. రత్నమ్మక్క కుర్చీ లాగి సరోజమ్మ ముందు వేసింది.

"సరోజమ్మా, నేను మాట ఇచ్చింది తొమ్మిదిన్నరకు. ఆ తొమ్మిదిన్నర ఆ పాపది. నాది గాదు, నీది గాదు. అర్ధగంట కూచ్చో, కాఫీ తాగు."

సరోజమ్మ కాఫీ తాగలేదు. ఆటో ఎక్కింది. ఆ ఇంటి పెళ్లి చీరలన్నీ ఆమెతో పాటే ఆటో ఎక్కాయి.

సరిగ్గా ఎనిమిదికి శ్రావణి తెర మీదికి వచ్చింది, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని. కొంగు చూసింది, అంచు చూసింది, చాలాసేపు చూసింది. "చాలా బాగుంది ఆంటీ. కొంచెం లేత రంగులో ఉందా?"

"లేదు తల్లీ. ఉండేది ఇదే."

"అమ్మతో మాట్లాడి చెప్తాను ఆంటీ."

చీరల వ్యాపారంలో ఈ మాటకు అర్థం ఒకటే. ఓబులేసన్న చాప పక్కన కూలబడ్డాడు. "రెండూ పాయ గదక్కా."

"చీర యాడికీ పోలేదులే, ఈడనే ఉండాది," అంటూ ఆమె మడత పెట్టసాగింది. తర్వాత నాతో, "ఏమప్పా, ఆ టిక్కు పెట్టు," అంది.

"నేను అప్పుడే..."

"చెప్పినావు. నేనే ఇనలేదు. వాళ్లు ముల్లు యాడికన్నా తిప్పుకోనీ. మాట ఇచ్చింది మనం."

ఆ చీరను కొన్ని నెలల తర్వాత కొత్తచెరువు నుంచి వచ్చిన పెళ్లికూతురు కొనుక్కుంది, ముందుగా సమయమేదీ ఎంచుకోకుండా, మిట్టమధ్యాహ్నం. సరోజమ్మ మళ్లీ రాలేదు. రత్నమ్మక్క కూడా ఇప్పుడు లేదు. అంగట్లో తెల్లటి లైట్లు పెట్టారు, రాత్రి పదింటిదాకా చీరలు చూపిస్తున్నారు. వ్యాపారం బాగుందని విన్నాను.

నేను ఇప్పుడు కంపెనీలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్లే సరిచేసి ఇస్తుంటాను. ఈ నవంబరు సోమవారం ఎండ పడిన తెర మీద ఉన్నదీ అలాంటిదే. అన్నీ మన టైములోనే పెట్టేస్తే సులువు కదా అన్నాడు పక్క సీటాయన. తొమ్మిదిన్నరకని రాసిన ఒక మీటింగు చూపించి, ఇది ఎవరికి మాట ఇచ్చిన తొమ్మిదిన్నర అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కనుక్కుని చెప్తానని ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేదాకా కర్టెన్ వేయలేదు.