ముసుగు దొర ముఖం

నా చిన్నప్పుడు నాకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్ళు కలిపాడని, చెల్లెలు నా పెన్సిలు దాచిందని, దాగుడుమూతల్లో దొంగ వేళ్ళ సందుల్లోంచి చూశాడని, రోజుకొకరి మీద ఏదో ఒక నేరం మోపేదాన్ని. మా నాయనమ్మ నన్ను 'పోలీసు పిల్ల' అని పిలిచేది. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయేదాన్ని.

అప్పుడు మేము నాచారంలో, కంపెనీల వెనక ఉన్న రేకుల ఇళ్ళ వరుసలో ఉండేవాళ్ళం. పక్కింట్లో కోస్తా వైపు నుంచి వచ్చిన గుమస్తాగారి కుటుంబం ఉండేది. వచ్చి రెండేళ్ళయినా వాళ్ళ మాట మాకు కొత్తగానే వినిపించేది. వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతుండేది. మాకందరికీ ఆమె పక్కింటి అక్క.

అక్కవాళ్ళ నాన్న ప్రతినెలా ఉప్పల్ చౌరస్తాలో పేపర్లు అమ్మే దుకాణం నుంచి 'ఉక్కుపక్షి' బొమ్మల పుస్తకం తెచ్చేవాడు. ఆ సాయంత్రం అక్క గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి, మా ఆరుగురు పిల్లలకూ చదివి వినిపించేది. ఉక్కుపక్షి పగలంతా ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆపద వస్తే ఇనుప రెక్కలు తొడుక్కుని ఎగురుతాడు. మా నాన్నలందరూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే కాబట్టి, ఎవరి నాన్న మీద వాళ్ళకు లోలోపల ఒక ఆశ ఉండేది.

అతని శత్రువు ముసుగు దొర. వాడి ముఖం ఒక్క సంచికలోనూ చూపించలేదు. వాడెవరై ఉంటాడో నేను లెక్కల నోటు వెనక జాబితా రాసుకున్నాను. చివరికి, వచ్చే నెలదే ఆఖరి సంచిక, అందులో ముసుగు తొలగిపోతుందని వేశారు. ఆ నెలంతా మాకు అదే ధ్యాస.

పుస్తకం వచ్చింది. కానీ అక్క చదవలేదు. మొదటిరోజు తలనొప్పి అంది. రెండోరోజు తలుపే తీయలేదు. నేను ఊరుకుంటానా? కిటికీ సందులోంచి తొంగి చూశాను. అక్క చేతిలో కత్తెర ఉంది, పక్కన జిగురు సీసా ఉంది. నన్ను చూడగానే ఒక కాగితాన్ని గబుక్కున పరుపు కింద తోసేసింది. నాకు అంతకంటే ఏం కావాలి!

మూడోరోజు పుస్తకం నా చేతికిచ్చి, "మీరే చదువుకోండే" అని లోపలికి వెళ్ళిపోయింది. అందరం ముందుకు వంగి చదివాం. ఉక్కుపక్షి దొరను కొండ మీద పట్టుకున్నాడు. ముసుగు మీద చేయి వేశాడు. పేజీ తిప్పితే ముసుగు నేల మీద పడి ఉంది, దొర వీపు కనిపిస్తోంది, ఉక్కుపక్షి ఎగిరిపోతున్నాడు. కింద 'సమాప్తం'. ముఖం లేనేలేదు! ఒక పిల్లవాడు నిజంగానే ఏడ్చాడు.

"అక్క ఆ పేజీ కోసి దాసుకున్నది. నేను సూసిన" అన్నాను.

పొద్దుగూకేలోపు ఆ మాట వరుసంతా పాకింది. మర్నాడు అక్క నీళ్ళకు వస్తే, నల్లా దగ్గర ఎవరో పిల్లలు "పేజీల దొంగ" అని అరిచారు. అక్క బిందె సగమే నింపుకుని తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆ మెట్టు మీద ఎవరూ కూర్చోలేదు. నేను మాత్రం గెలిచినట్టే తిరిగాను.

మా తాతయ్య అచ్చుకూటంలో బైండింగు పని చేసేవాడు. సాక్ష్యం చెప్పిద్దామని పుస్తకం ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ బొమ్మల పుస్తకానికి పేజీల అంకెలు వేసేవారు కాదు. తాతయ్య నా ఫిర్యాదంతా విని, ఒక పాత వారపత్రిక నా ముందు పడేశాడు.

"ఎనక నుంచి ఒక కాగితం గుంజు."

గుంజాను. ముందు వైపు నుంచి ఇంకో కాగితం ఊడి నా ఒళ్ళో పడింది.

"సూసినవా? రెండు కాగితాలు కాదు బిడ్డా, ఒక్కటే. నడుమ మలిచి పిన్ను కొడ్తరు. ఎనకది పోతే ముంగటిది ఊడుతది. బ్లేడుతోని కోసినా పిన్ను కాడ అంచు మిగుల్తది. ఇగ నీది సూడు."

ఒక్కో కాగితాన్నీ పట్టుకుని లాగి చూశాను. ఏదీ ఊడలేదు. పిన్నుల దగ్గర వేలితో తడిమాను. కోసిన అంచు ఎక్కడా తగల్లేదు. నడుమ నుంచి అటూ ఇటూ లెక్కపెడితే సమానంగా ఉన్నాయి. నా చెవులు వేడెక్కాయి.

"వాళ్ళు అచ్చేసిందే గంత. కత మంచిగలేదు, గంతే. దొంగ ఎవ్వలు లేరు" అన్నాడు తాతయ్య. తర్వాత నా ముఖంలోకి చూసి, "ఎంతమందికి చెప్పినవ్?" అని అడిగాడు.

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాను.

"గంతమందికి మల్ల చెప్పి రా. ముందుగాల ఆ పిల్లకు చెప్పు."

అక్క తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తాతయ్య చూపించింది చెప్పి, తప్పయిందన్నాను. అక్క కోప్పడలేదు. "నేనూ ముందు నమ్మలేదే. పేజీ పోయిందేమో అనుకుని నాన్నతో ఉప్పల్ వెళ్ళాను. షాపులో ఇంకో రెండు పుస్తకాలు తిరగేశాను. అన్నీ ఇంతే" అంది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "మరి కత్తెర ఎందుకక్కా?" అని అడిగేశాను.

అక్క లోపలికి వెళ్ళి, పరుపు కింద నుంచి ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. సరిగ్గా బొమ్మల పుస్తకం కొలతకు కత్తిరించి ఉంది. పుస్తకంలో బొమ్మలాగే కొండ వేసింది. ఉక్కుపక్షి చేతిలో ముసుగు ఉంది. ఎదురుగా దొర నిలబడి ఉన్నాడు. కోటు గుండీలతో సహా అన్నీ గీసింది. ముఖం ఉండాల్సిన చోట ఉత్త సున్నా ఉంది.

"అంత ఆశపడ్డారు కదా, ఏడుస్తారని... నేనే గీసి లోపల అంటించి ఇద్దామనుకున్నాను. రెండు రోజులైనా పూర్తవలేదు."

"ఎవరి ముఖం వేద్దామనుకున్నవక్కా?"

"ఇక వద్దులే. గీయబుద్ధి కావట్లేదు."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. ఇంటింటికీ తిరిగి, నేను చెప్పింది అబద్ధమని చెప్పి వచ్చాను. పిల్లలు మళ్ళీ మెట్టు మీదికి చేరారు. అక్క ఏవేవో కథలు చదివి వినిపించింది కానీ, వెనకటిలా గొంతులు మార్చలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు ఇల్లు మారి అన్నోజిగూడ వైపు వెళ్ళిపోయారు.

నా అనుమానం బుద్ధి పోయిందని చెప్పను. మొన్న ఉప్పల్‌లో మా ఇంట్లో కమ్మలు కనిపించకపోతే, మొదట నా కళ్ళు వెళ్ళింది పనిచేసే ఆవిడ వైపే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఒళ్ళో పడిన ఆ కాగితం గుర్తొచ్చి, నోరు మూసుకుని వెతుక్కున్నాను. నా దిండు గలీబులోనే దొరికాయి.

అక్క ఇచ్చిన కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ వెతుకులాటలో అది మనవడి కంట పడింది. అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, వీనికి ముఖమెందుకు లేదు?" అని అడిగాడు.

"గీసే అక్కను నేను దొంగ అన్న, బిడ్డా" అన్నాను.