పిట్ట కరిచిన ఆషాఢం

మొన్న సాయంత్రం మా ఎదురు ఫ్లాటు పాప చూపుడువేలికి ప్లాస్టరు అంటించుకుని వచ్చి మా తలుపు కొట్టింది. పుట్టినరోజుకి కొనిపెట్టిన పిట్ట కరిచిందట. కరవకుండా మాన్పించడం ఎలాగో వాళ్లమ్మ ఫోనులో వీడియోలు చూస్తోందట గాని, ఒక్కో వీడియోలో ఒక్కో మాట చెబుతున్నారట. పిట్టల సంగతి నాకు బాగా తెలుసని మావారు లిఫ్టులో ఎప్పుడో గొప్ప చెప్పి ఉన్నారు, అందుకని నన్ను పిలుచుకు రమ్మందట. వెళ్లి చూద్దును గదా, అచ్చం మా ఇంట్లో ఉండిన పిట్టే. లేతాకు పచ్చ ఒళ్లు, పసుపు తల, ఆ చిన్న తలలో ఎంత పొగరో చెప్పే కళ్లు. దాన్ని బడ్జీ అంటారని నాకు ఈ వయసులో తెలిసింది. మా రోజుల్లో అమీర్‌పేటలో అందరం దాన్ని లవ్ బర్డ్ అనేవాళ్లం, రక్తం వచ్చేలా కరిచినా సరే అది లవ్ బర్డే. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పి వచ్చి, టీ పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఆ టీ చల్లారిపోయింది గాని నేను తాగలేదు.

నా ఈడువాళ్లకు ఆ అమీర్‌పేట గుర్తుండే ఉంటుంది. రెండువేల సంవత్సరం అలా దాటింది. ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే, ఏ మెట్లెక్కినా క్లాసులే. కిందనున్న టిఫిను బండి దగ్గర ఇడ్లీ తింటూ కూడా పిల్లలు అర్థంకాని భాషలో ప్రోగ్రాముల గురించే మాట్లాడుకునేవారు. మాది కాకినాడ వైపు. మావారి ఆఫీసు పంజాగుట్టలో కనక అమీర్‌పేటలో ఒక సందులో పాతకాలపు డాబా ఇల్లు అద్దెకు తీసుకుని, మేమూ మా అత్తగారూ కింద ఉండి, మేడమీద గది ఇంటివాళ్ల ఒప్పుదలతోనే కోర్సులకు వచ్చే అమ్మాయిలకు ఇచ్చేవాళ్లం. బస్సెక్కితే పంజాగుట్ట చేరేసరికి ఆఫీసు మొదలైపోతుందని మావారు నడిచే వెళ్లేవారు, ఆ నడకవల్లే తనకింకా మోకాళ్లు బాగున్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఏడు మేడమీద ఇద్దరు అమ్మాయిలుండేవారు. ఒకమ్మాయి సరదాపడి లవ్ బర్డ్స్ జంటను కొని తెచ్చింది. కొన్నాళ్లకు జంటలో ఆడపిట్ట చచ్చిపోయింది, ఆ తర్వాత ఆ అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. మిగిలిన పిట్టా, మిగిలిన అమ్మాయీ గదిలో ఉండిపోయారు. ఈ అమ్మాయిది కరీంనగర్ వైపు పల్లెటూరు. సన్నగా, గట్టిగా మాట్లాడితే ఎవరికి కోపం వస్తుందో అన్నట్టు ఉండేది. కోర్సు ఎప్పుడో అయిపోయింది. అప్పుడే అమెరికాలో ఏదో మాంద్యమని ఇక్కడ కంపెనీలు తలుపులు వేసుకున్నాయి. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చుడీదారు వేసుకుని ఇంటర్వ్యూలని వెళ్లడం, సాయంత్రం ముఖం వేలాడేసుకుని రావడం. ఊరినుంచి ఫోను వస్తే మాత్రం అంతా మంచిగున్నదనే చెప్పేది. మేడమీద ఎండకు పిట్ట వాడిపోతోందని దాని పంజరం కింద మా వరండాలో పెట్టుకోనిచ్చాను. ఇంటికి రాగానే ఆ అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా ముందు దాని దగ్గరికే వెళ్లేది.

పిట్ట మాత్రం ఆ ప్రేమకు తగ్గట్టు ఉండేది కాదు. నీళ్లు పెట్టబోతే కరిచేది, కొర్రలు వేయబోతే కరిచేది, పంజరం తుడవబోతే రెక్కలు కొట్టుకుని మరీ కరిచేది. తప్పంతా దానిదని అనను. మేం దానిని మా ఊళ్లో రామచిలకలను చూసినట్టే చూశాం. ముద్దుకొద్దీ పచ్చిమిరపకాయ ఇచ్చాం, జామముక్క ఇచ్చాం, రామా అనమని పొద్దస్తమానం దాని చెవిలో ఊదరగొట్టాం. సందులో వెళ్లే ప్రతివాళ్లూ ఊచల్లోంచి ఒక వేలు దూర్చి, కరుస్తుందా అని చూసి, కరవగానే కెవ్వుమని నవ్వి పోయేవారు. ఇంతమంది వేళ్లు పొడుస్తుంటే ఏ ప్రాణికి మాత్రం మనిషి చెయ్యంటే మంచి అభిప్రాయం ఉంటుంది!

ఒకరోజు అది మా అత్తగారినే కరిచింది. ఆవిడ తులసి కోటకు నీళ్లుపోసి వస్తూ, పంజరం తలుపు సరిగా పడలేదని వేయబోయారు, అంతే. ఆవిడ నోరుజారే మనిషి కాదు, అలాగని అన్నమాట వెనక్కు తీసుకునే మనిషీ కాదు. వేలికి పసుపు అద్దుకుని, ఇంకొక్కసారి ఈ ఇంట్లో ఎవరికైనా రక్తం కళ్లపడిందంటే దీన్ని పంజాగుట్టలో పిట్టలమ్మే కొట్లో ఇచ్చేసి రమ్మని మావారితో చెప్పేశారు. మావారు ఆవిడ మాటకు ఎదురు చెప్పగా నేనెన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం అమ్మాయి నా దగ్గర వంటింట్లో నిలబడి, చాలాసేపు గిన్నెలు సర్దుతున్నట్టు నటించి, చివరికి చెప్పింది.

"గీ ఊళ్లె నేనొస్తె మోరెత్తి చూసేది గదొక్కటే ఆంటీ. దాన్ని పంపియ్యకుండ్రి."

మర్నాటి నుంచి ఇంటర్వ్యూల మధ్య ఖాళీలో నెట్ సెంటర్‌లో కూర్చుని పిట్టల గురించి చదివి వచ్చేది. మొదటి సూత్రం విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కరిచినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోకూడదట, లాక్కుంటే కరిస్తే పని జరుగుతుందని అది నేర్చుకుంటుందట, కేకలు కూడా వేయకూడదట. నాలాంటిదానికి చెయ్యి లాక్కోకపోవడం ఒక ఎత్తు, నోరు మూసుకోవడం ఒక ఎత్తు. అయినా ఆ అమ్మాయి ముఖం చూసి సరే అన్నాను. మొదట పంజరం పక్కన ఊరికే కూర్చోవాలి. తర్వాత చెయ్యి ఊచలకు ఆనించి ఉంచాలి. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఎడమచెయ్యి పంజరానికి ఆనించి కూర్చునేదాన్ని. అలా చెయ్యి కదిలినా అది బెదరకుండా అయ్యాక, అరచేతిలో కొర్రల కంకి పట్టుకుని లోపల పెట్టడం. కంకి అంటే దానికి ప్రాణం. పొద్దున నాది, సాయంత్రం తనది. వాటికి మార్నింగ్ బ్యాచ్, ఈవినింగ్ బ్యాచ్ అని మావారు పేరు పెట్టారు. ముందు డెమో క్లాసు ఫ్రీయేనా అని అడిగేవారు కూడాను.

వేసవి దిగేసరికి పిట్ట దారికొచ్చింది. వేలు దాని పొట్టకు కాస్త ఆనిస్తే బస్సెక్కినట్టు ఎక్కి కూర్చునేది. మా అత్తగారు దూరంనుంచి చూసేవారు గాని దగ్గరికి వచ్చేవారు కాదు. అమ్మాయి ముఖం తేటపడింది. ఉద్యోగం ఇంకా రాలేదు, అయినా ఏదో ఒకటి తనవల్ల అయిందన్న ధైర్యం కాబోలు, మెట్లమీద చప్పుడు చేస్తూ నడవడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

అంతలో ఆషాఢం వచ్చింది. సందు చివరింట్లో గోరింట చెట్టుండేది. ఆకు కోసుకొచ్చి, కాస్త చింతపండు వేసి రోట్లో రుబ్బడం, రుబ్బుతుండగానే రుబ్బేవాళ్ల చెయ్యి పండిపోవడం, అరచేతిలో చందమామ పెట్టి వేళ్లకు టోపీలు పెట్టుకోవడం, పెట్టుకున్నాక వీపు దురదపెట్టి ఎవరినో బతిమాలడం, ఇవన్నీ మీకు నేను చెప్పాలా. ఆకు ఏరడం మొదలు ఎవరి చేతికి ఎంత ముద్ద పెట్టాలో చెప్పడం దాకా పెత్తనమంతా మా అత్తగారిదే. మామగారు పోయి చాలా ఏళ్లయింది. అప్పటినుంచి ఆవిడ గోరింటాకు పెట్టుకోలేదు. పొరపాటున ముద్ద వేలికి తగిలితే పండకముందే వెళ్లి సబ్బుతో కడుక్కునేవారు. మా వైపు అది ఆచారం. అందరూ అలాగే ఉండేవారు కనక దాని గురించి ఎవరమూ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ ఏడు మేడమీద అమ్మాయికి నేనే దగ్గర కూర్చోబెట్టుకుని పెట్టాను. ఆ పిల్లకు నాకన్నా ఎర్రగా పండింది.

మర్నాడు పొద్దున్న కంకి పట్టుకుని చెయ్యి లోపల పెట్టానో లేదో, పిట్ట ఎగిరి పంజరం మూలకు పోయి రెక్కలు టపటప కొట్టుకుంది. బుజ్జగించబోతే కసిక్కున కరిచింది. అమ్మాయి పరుగున వచ్చి చెయ్యి పెట్టింది, తననూ కరిచింది. అయినా ఆ పిచ్చిపిల్ల సూత్రం తప్పకుండా చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అది కరుస్తూనే ఉంది, తను పెదవి బిగబట్టి నిలబడే ఉంది. గచ్చుమీద రక్తపు చుక్క రాలింది. చూస్తే వెనకాల మా అత్తగారు నిలబడి ఉన్నారు.

ఆవిడ మావారి వైపు చూశారంతే. ఆయన చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్లారు. అమ్మాయి ఏడవలేదు, బతిమాలనూ లేదు. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి తెచ్చి, పిట్టను అందులోకి దింపాలని చూసింది. అది అందితేనా! ఎర్రటి వేళ్లు దగ్గరికి వచ్చినకొద్దీ ఊచలకు తలబాదుకుంటోంది. ఈకలు రాలుతున్నాయి. అలాగే కొట్టుకుంటే గుండె ఆగి చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది. అప్పుడు మా అత్తగారు అమ్మాయి భుజం పట్టుకుని పక్కకు జరిపి, తనే చెయ్యి లోపల పెట్టారు.

పిట్ట కాసేపు ఆ చేతి వంకే చూసింది. దాని ఒళ్లంతా అదురుతోంది. తర్వాత పంజరంలో కట్టిన కొమ్మమీద పక్కకు పక్కకు నడుచుకుంటూ వచ్చి ఆవిడ వేలెక్కి కూర్చుంది. ఎక్కి, ఆవిడ గోటిని ముక్కుతో మెల్లగా నిమిరింది. మావారు ఒక చేతికే చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడిపోయారు. ఆవిడ తన వేళ్లు చూసుకున్నారు, మా వేళ్లు చూశారు.

"మీ ఎర్రవేళ్లు చూసి జడుసుకుందే. నా చేతికేముంది, రోజూలాగే బోసిగా ఉంది కదా," అన్నారు.

మామూలుగానే అన్నారు. నేను మాత్రం నా ఎర్రచేతులు కొంగులో దాచుకున్నాను. అమ్మాయి అట్టపెట్టెను కాలితో మెల్లగా వరండాలో మంచం కిందికి తోసేసింది. దాన్ని తీయమని ఎవరూ అడగలేదు.

మా వేళ్లు మామూలు రంగుకు వచ్చేదాకా పిట్ట బాధ్యతంతా ఆవిడదే అయింది. ఇక రెండు బ్యాచులూ ఆవిడవే. కొర్రలు చెరిగి పోయడం, తోటకూర ఆకు ఊచకు కట్టడం, మధ్యాహ్నం పంజరం పక్కన పీట వేసుకుని కూర్చుని దానితో ఏవో చెప్పడం. ఏం చెప్పేవారో నేను దగ్గరికి వెళితే ఆపేసేవారు. రంగు దిగాక మా చేతికీ అది మళ్లీ వచ్చింది గాని, ఆవిడ గొంతు వినిపిస్తే మమ్మల్ని వదిలేసి అటే ఎగిరేది. దసరా వెళ్లాక అమ్మాయికి పంజాగుట్టలోనే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ముందు వచ్చి మా అత్తగారి కాళ్లకు దండం పెట్టింది. గది మాత్రం మారలేదు.

మళ్లీ ఆషాఢం వస్తోందనగా, ఈసారి పిట్టకు ముందే ఎరుపు అలవాటు చేద్దామని ఆ అమ్మాయే అంది. ఒక్క వేలికి పెట్టుకుని, దూరంనుంచి చూపించి, రోజురోజుకీ దగ్గరికి తేవాలట. నేను నా వేలు చాపాను. మా అత్తగారు పీటమీదనుంచి లేవకుండానే అన్నారు.

"నీ వేలు వద్దే. దానికి నమ్మకం నామీద కదా. నాకు పెట్టండి, ఒక్క వేలికి."

అమ్మాయి నా వంక చూసింది. పేపరు చదువుతున్న మావారు పేపరు దించలేదు, కానీ పేజీ తిప్పడం ఆపేశారు. పక్కింటావిడ ఇదేం విడ్డూరమని ఊరంతా చెబుతుందని నాకు తెలుసు. అయినా లేచి వెళ్లి రోట్లో నాలుగాకులు నూరి తెచ్చి, ఆవిడ కుడిచేతి చూపుడువేలికి టోపీ పెట్టాను. ఆవిడ ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పండేదాకా కదపకుండా కూర్చున్నారు. తీశాక కొబ్బరినూనె రాసుకుని వెలుతురులోకి వెళ్లి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అది పిట్టకోసం చూసుకునే చూపు కాదు. పిట్టా ఆ వేలికి జడవలేదు, కొద్దిసేపు ఆలోచించి ఎక్కేసింది. అయినా రంగు దిగినప్పుడల్లా ఆవిడ, ఇంకా దానికి బాగా అలవాటు కాలేదనేవారు. నేను మళ్లీ పెట్టేదాన్ని. పక్కింటావిడ అడగనే అడిగింది. పిట్టకు నేర్పిస్తున్నామని మా అత్తగారు తల ఎత్తకుండా చెప్పారు.

పిట్ట పోయింది, ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడా పోయారు. ఆ డాబా స్థానంలో ఇప్పుడు హాస్టలు లేచింది. మొన్నటి ఆషాఢంలో మా అపార్టుమెంటు ఆడవాళ్లంతా కింద హాల్లో కుర్చీలు వేసుకుని కోన్లతో గోరింటాకు పెట్టించుకున్నారు. వాళ్లలో భర్త ఉన్నవాళ్లెవరో, పోయినవాళ్లెవరో పెట్టే అమ్మాయి అడగలేదు, పెట్టించుకునేవాళ్లూ తటపటాయించలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా చాపి నవ్వుతూ కూర్చున్నారు. చూసి నిజంగా సంతోషించాను. ఇప్పుడు ఎవరికీ ఏ సాకూ అక్కర్లేదు. మా అత్తగారు మాత్రం ఒక్క వేలు ఎర్రగా చూసుకోవడానికి, పాపం, ఒక పిట్టను అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.