బాలకిష్టయ్యకు ధైర్యం చెప్పే పని

బాలకిష్టయ్య, ఎల్లయ్య పాస్‌పోర్టును రెండు చేతులతో పట్టుకుని, ముద్రలున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. కాసేపటికి వేళ్లు వణకడం మొదలుపెట్టాయి. ఇంకో పేజీ తిప్పేసరికి పాస్‌పోర్టే వణికింది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఎల్లయ్య భార్య కాంతమ్మ ముందుకు వంగింది.

గద్వాలలో బాలకిష్టయ్యను ఎరగని గల్ఫ్ కుటుంబం లేదు. నేతపని చేసుకుంటూనే కంప్యూటరు నేర్చుకుని, ముందుగదిలో మగ్గం పక్కన బల్ల వేసుకుని, దేశం దాటి పనికి పోయినవాళ్ల పన్ను రిటర్నులు వేస్తుంటాడు. పనిలో తప్పు చేయడు. ఉన్నది ఒక్కటే గుణం. ఎవరి కాగితం చేతికొచ్చినా, ఆ కాగితం తాలూకు మనిషికంటే ముందు తను భయపడతాడు. చెమటలు పడతాయి. మాట తడబడుతుంది. కుర్చీలో ఉన్న మనిషి కుర్చీలోనే సగమైపోతాడు.

ఒకసారి శ్రీశైలం అనే డ్రైవరు పాన్ కార్డుకు ఆధార్ జోడించుకుందామని వచ్చాడు. బాలకిష్టయ్య అవస్థ చూసి పని సంగతి మరిచిపోయి, ఆయన్ను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. బీపీ చూసిన డాక్టరు, "ఈయనకేం రోగం? నాకంటే బాగున్నడు" అన్నాడు. దారి పొడుగునా "నీకేం గాదు కాకా" అని చెప్పీ చెప్పీ శ్రీశైలానికి గుండె గట్టిపడింది.

అలా వచ్చినవాళ్లంతా ఆయన మీద జాలిపడి ఏదో ఒకటి కట్టి పోతుంటారు. మెడలో రేణుకమ్మ అనే ఆమె కట్టిన తాయెత్తు, ముంజేతికి ఎవరో దర్గా నుంచి తెచ్చిన దారం, జేబులో చర్చివాళ్లిచ్చిన నూనె సీసా. ఇన్ని ఉన్నా మనిషి వణుకు మాత్రం ఆగదు.

కాంతమ్మ భర్త ఎల్లయ్య మస్కట్‌లో కట్టడాలకు పరంజాలు కడతాడు. సెలవు మీద సొంతూరు ఇటిక్యాలకు వచ్చాడు. వచ్చే వారమే తిరుగు ప్రయాణం. ఇంతలో ఫోనుకు ఆదాయపు పన్ను వాళ్ల నోటీసు వచ్చింది. ఖాతాలో పెద్ద పెద్ద మొత్తాలు పడ్డాయి, రిటర్న్ వేయలేదు, సంగతేమిటో చెప్పమని. అంతే, ఎల్లయ్య అన్నం మానేశాడు. శంషాబాద్‌లో పట్టుకుంటారని ఆయన భయం. విమానం తప్పితే వీసా పోతుంది, వీసా పోతే పని పోతుంది.

తప్పంతా గుంపు అలవాటుది. పాలమూరు కూలీలు ఏ పనికైనా గుంపుగా పోతారు. కూలి ఒకరే తెచ్చి అందరికీ పంచుతారు. మస్కట్‌లోనూ గదిలోని ఎనిమిది మంది అదే పద్ధతి పెట్టుకున్నారు. విడివిడిగా పంపితే ఖర్చు దండగని అందరి జీతాలూ కలిపి ఎల్లయ్య ఖాతాకు పంపారు. కాంతమ్మ ఇక్కడ తీసి ఇంటింటికీ తిరిగి ఇచ్చింది. ఊళ్లో అది నమ్మకం. కంప్యూటరుకు మాత్రం ఎల్లయ్య ఒక్కడే కోటీశ్వరుడిలా కనిపించాడు.

"ఏమైతదన్నా?" అని అడిగింది కాంతమ్మ.

"ఏమైతదో నాకేం తెల్సు చెల్లె. నాకైతే కాళ్లల్ల సత్తువ లేదు. జర నీళ్లియ్యి."

కాంతమ్మ లేచి కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. "నువ్వు గట్ల పరేషాన్ గాకు. మాయన దొంగతనం చేసిండా? ఎండల కష్టం చేసిండు."

"చేసిండు. ఏడ చేసిండు?"

"మస్కట్ల."

"నోటీసుల అడిగిన ఏడాదిల మన దేశంల ఎన్ని దినాలున్నడు?"

"సీడు పత్తి పనులప్పుడు ఒక్క నెల."

"నూట ఎనభై రెండు దినాలు ఉండలేదంటవా?"

"నెలంటే నూట ఎనభై ఎట్లయితదన్నా? నువ్వేం లెక్కలు చదివినవో."

"అంటే ఆ ఏడాదికి ఎల్లయ్య ఈడ ఉన్నోడి కింద రాడంటవా?"

"రాడు."

"మస్కట్ల సంపాయించింది ఈడ పన్నుకు రాదంటవా?"

"రాదు" అంది కాంతమ్మ, పుట్టినప్పటి నుంచీ ఆ చట్టం తెలిసినట్టు.

బాలకిష్టయ్య ముఖం తుడుచుకుంటూ ఏదో టైపు చేశాడు. మళ్లీ చెయ్యి గుండె మీదికి పోయింది. "ఈడ వచ్చింది డిపాజిట్ వడ్డీ ఒక్కటే. పన్ను పడేటంత లేదు. మరి బ్యాంకోళ్లు ముందే పన్ను కోసిండ్రు గద?"

"పన్నే పడకుంటె కోసింది తిరిగియ్యాలె గద."

"ఇస్తరంటవా?"

"అడిగితే ఇయ్యరా? అడుగు. భయపడుకుంట కూసుంటే ఎట్ల?"

బాలకిష్టయ్య అడిగే గడిలో అడిగాడు. తర్వాత కళ్లు మూసుకుని, "మిగిలిన ఏడుగురి పైసలో? అవిగూడ ఎల్లయ్యవే అంటే నేనేం జెయ్యాలె? నాకు సచ్చేటంత భయమైతుంది" అన్నాడు.

"నువ్వు సావకు. ఎవరి పైసలు వాళ్లకు ముట్టినయని వాళ్లింటోళ్లతోని రాయించుకొస్త. జీతం కాగితాలు మస్కట్ నుంచి ఫోన్ల తెప్పిస్త. సాలా?"

"నువ్వుండంగ జర పానం నిమ్మలమైంది చెల్లె."

ఆ ఏడుగురి ఇళ్ల కోసం కాంతమ్మ తిరగని ఊరు లేదు. యేసుబాబు భార్య నిరోష చేత సంతకం పెట్టించింది. బస్సెక్కి పెద్దమందడికి పోయి బుచ్చన్న తండ్రి చేత వేలిముద్ర వేయించింది. రాత్రి ఇంటికొచ్చి చూస్తే ఎల్లయ్య గోడకు ఆనుకుని అలాగే కూర్చున్నాడు. కంచం ముట్టలేదు.

"నీ సంగతి తర్వాత" అంది ఆమె. "ఆ బాలకిష్టన్న గుండాగి పోతడేమోనని నాకు రంది పట్టుకుంది."

కాగితాలన్నీ చేతికి రాగానే ఎల్లయ్యను లేవదీసి గద్వాలకు తీసుకొచ్చింది. బస్సు దిగి ఆయన అడుగులో అడుగేస్తుంటే, ఓపిక పట్టలేక ముందు నడిచి బాలకిష్టయ్య వాకిట్లోకి వచ్చింది. లోపలి నుంచి గురక వినిపిస్తోంది. రెండు పూటల అన్నం ఒక్కపూటే తిన్న మనిషి పెట్టే గురక. ఆయన భార్య రాధ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

"ఇంత భయం పెట్టుకుని గిట్లెట్ల నిద్ర పడ్తది వదినా?"

రాధ రాట్నం ఆపింది. "ఆయనకు భయం ఏడిది? నువ్వు పోయిన సాయంత్రమే నీ పని తయారుచేసి పెట్టిండు. నీ కాగితాలు జోడిస్తే అయిపాయె."

"మరి ఆ వణుకుడు?"

"మొదట్ల ఈయన గూడ అందరికి ధైర్యమే చెప్తుండె. 'ఏం గాదు, నేను చూసుకుంట' అంటుండె. ఆ మాట ఇనంగనే జనం కాగితాలు గుంజుకుని లేచి పోతుండ్రి. వీసా ఏజెంట్లు గదే మాట చెప్పి ముంచిండ్రు గద చెల్లె. ఒకదినం కంప్యూటర్ల పన్నోళ్ల సైటు ఆగిపోయి ఈయనకే నిజంగ చెమటలు పట్టినయి. ముందల కూసున్న ముసలామె తన ఏడుపు ఆపి, ఈయన వీపు నిమిరి ధైర్యం చెప్పింది. పోయేటప్పుడు నవ్వుకుంట పోయింది. ఆ దినం నుంచి ఇదే పద్ధతి."

కాంతమ్మకు ముందు ఒళ్లు మండింది. పెద్దమందడి దాకా ఈయన గుండె గురించి మొక్కుకుంటూ పోయి వచ్చింది మరి. తర్వాత, ఈయన దగ్గరికి వచ్చిన నాటి నుంచి తను పూటపూటా అన్నం తిన్నానని గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటికి ఎల్లయ్య వీధి మలుపు తిరిగాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాడు.

ఆమె గబగబా లోపలికి పోయి బాలకిష్టయ్య భుజం కుదిపింది.

"అన్నా, లే. మాయన వస్తుండు. జర వణుకు."

బాలకిష్టయ్య కళ్లు తెరిచి ఆమెను చూశాడు, గుమ్మంలోంచి రాధను చూశాడు. లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎల్లయ్య గడపలో కాలు పెట్టేసరికి చెమటతో సహా సిద్ధం.

"ఎల్లయ్యా, నీ ఫోనుకు ఓటీపీ వస్తది. నేను చూడలేను. నువ్వే చదువు" అన్నాడు, తల బల్ల మీద వాల్చేసి.

ఎల్లయ్య కంగారుగా కాంతమ్మ వంక చూశాడు. ఆమె విసనకర్ర చేతికిచ్చింది. ఆయన ఒక చేత్తో విసురుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివాడు.

"వాళ్లడిగింది ఒక ప్రశ్ననే గదా ఎల్లయ్యా? మనం జవాబిచ్చినం, రిటర్నేసినం. అయినా విమానం ఎక్కనియ్యరంటవా?"

"ఎందుకెక్కనియ్యరన్నా? నేనేమన్న దొంగనా?" అన్నాడు ఎల్లయ్య. నోటీసు వచ్చాక ఆయన గొంతు పెంచి మాట్లాడడం అదే మొదటిసారి. "నువ్వు ఊకె పానం తీసుకోకు. ఒత్తు, ఆ బటన్ ఒత్తు."

బాలకిష్టయ్య నొక్కాడు. ప్రింటరు రెండు కాగితాలు కక్కింది. జవాబు చేరినట్టు ఒకటి, బ్యాంకు కోసిన పన్ను వాపసు అడుగుతూ రిటర్న్ వేసినట్టు ఒకటి. రెండింటినీ అంచులు కలిపి, పిన్ను కొట్టి, ఎల్లయ్య చేతిలో పెట్టాడు.

ఎల్లయ్య వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"కాంతా, ఈడ హోటలేడున్నది? ఆకలైతుంది" అన్నాడు.