అరలు మార్చిన సోమవారం

2022లో విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీకి నేను ఇన్‌ఛార్జినయ్యాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, చేరిన వారంలోనే అరలన్నీ మార్చేశాను. అంతవరకూ మందులు కంపెనీల వారీగా ఉండేవి. ఒక ఆదివారం కూర్చుని వాటిని జెనరిక్ పేర్ల వరుసలో, అంటే మందు అసలు పేరును బట్టి సర్దించాను.

కౌంటర్‌లో అందరికంటే సీనియర్ అప్పలనాయుడు గారు. సోమవారం పొద్దున్నే అరలు చూసి, "ఏటమ్మా ఇది? నాను మందుని కళ్లతో ఎతకను, సెయ్యే ఎల్లిపోద్ది," అన్నారు.

"రెండు రోజుల్లో అలవాటైపోతుంది లెండి," అని కొట్టిపారేశాను. ఎంత పొగరో నాకు!

ఆ సాయంత్రం స్టాక్ సరిచూస్తుంటే ఒక బీపీ మందు స్ట్రిప్ ఎక్కువ, సుగర్ మందు స్ట్రిప్ తక్కువ వచ్చాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. నాయుడు గారి చేయి పాతచోటికే వెళ్లింది; అక్కడిప్పుడు సుగర్ మాత్రలున్నాయి. సుగర్ జబ్బు లేని మనిషి అవి మింగితే స్పృహ తప్పి పడిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. బిల్లులు తిరగేస్తే ఆ రోజు ఆ బీపీ మందు కొన్నది ఒక్కరే, చేపలమ్ముకునే నూకాలమ్మ.

ఫోన్ ఎత్తలేదు. నాయుడు గారూ నేనూ ఆటో ఎక్కి వన్ టౌన్‌లో ఆవిడ ఇంటికి పరుగెత్తాం.

నూకాలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "అమ్మా, ఆ మాత్రేసుకున్నావేటి?" అని ఆటో దిగుతూనే అరిచారు నాయుడు గారు.

"నేదు బాబూ. ఎప్పుడూ తెల్లయి కదా ఇత్తారు, ఇయ్యి పచ్చగున్నాయేటని పక్కనెట్టినాను."

ఆయన మెట్టు మీద కూలబడి ఏడ్చేశారు. నాకూ ఆగలేదు. ఆవిడ మమ్మల్ని వింతగా చూసి, "ఏటైందర్రా? టీ ఎట్టమంటారేటి?" అంది. ఆ టీ తాగి, పచ్చ మాత్రలు వెనక్కి తీసుకుని, సరైనవి ఆవిడ చేతిలో పెట్టి బయల్దేరాం.

"తప్పు నాదమ్మా. రాసిచ్చేత్తాను," అన్నారాయన తిరిగొస్తూ.

"మిమ్మల్ని అడక్కుండా మార్చింది నేను. రిపోర్టులో నా పేరే రాస్తాను. ఇప్పుడేం చేద్దామో చెప్పండి."

"రోజూ ఇచ్చే మందులున్న పాతసోట్లు ఖాళీగా ఒగ్గేయండి. సెయ్యి ఎల్లినా ఏటీ తగల్దు. అప్పుడు కళ్లు ఎతుకుతాయి."

నెల రోజులు అలాగే వదిలేశాం. అప్పటినుంచి ఏ మార్పు తలపెట్టినా ముందు కౌంటర్‌లో నిలబడేవాళ్లనే అడుగుతున్నాను. మొదటి వారం నాయుడు గారి చేయి ఎన్నిసార్లు ఖాళీ అరలోకి వెళ్లిందో! వెళ్లినప్పుడల్లా ఆయన నావైపు చూసి నవ్వేవారు. నేను మాత్రం మరో నూకాలమ్మ గండం గడిచిందని గుండెల మీద చెయ్యేసుకునేదాన్ని.